బుల్లీయింగ్‌పై షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? కెమెరా ముందు ఏడ్చే పిల్లాడిని నిజంగా ఏడిపించకండి!

ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు, ఇఫ్లూ క్యాంపస్ చెట్ల కింద, తార్నాక గల్లీల్లో.. ఆదివారం పొద్దున్నే ట్రైపాడ్ భుజాన వేసుకుని తిరిగే స్టూడెంట్స్ కనిపించడం కొత్తేం కాదు. మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం చదివేవాళ్లకు షార్ట్ ఫిల్మ్ అంటే మార్కుల ప్రాజెక్ట్ మాత్రమే కాదు.. ఇండస్ట్రీలోకి వేసే మొదటి అడుగు కూడా. అలాంటి స్టూడెంట్స్ ఎక్కువగా ఎంచుకునే టాపిక్స్‌లో ఒకటి బుల్లీయింగ్. అంటే బడిలో తోటి పిల్లలే ఒకడిని పట్టుకుని పదే పదే ఏడిపించడం.

కథ దాదాపు అందరికీ తెలిసిందే. ముగ్గురు పిల్లలు ఒకడి టిఫిన్ బాక్స్ లాక్కుంటారు. పేరు పెట్టి వెక్కిరిస్తారు. వాడు మూలన కూర్చుని ఏడుస్తాడు. చివర్లో స్క్రీన్ మీద ఒక మెసేజ్ వస్తుంది. చూసినవాళ్లు లైక్ కొడతారు, షేర్ చేస్తారు.

కానీ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు. ఆ సీన్‌లో ఏడ్చిన పదేళ్ల పిల్లాడిని ఎలా ఏడిపించారు? సినిమా అయిపోయాక వాడు మళ్లీ అదే బడికి వెళ్లినప్పుడు.. క్లాస్‌లో వాడిని ఏ పేరుతో పిలుస్తున్నారు?

బుల్లీయింగ్ తప్పని చెప్పే సినిమా, తీసే పద్ధతిలోనే ఒక పిల్లాడిని బుల్లీ చేస్తే.. ఆ మెసేజ్‌కు అర్థమే లేదు. అలా కాకుండా ఎలా తీయాలి? చట్టం ఏం చెబుతోంది? సెట్‌లో ఏం చేయాలి, ఏం చేయకూడదు? అప్‌లోడ్ చేశాక ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు బుల్లీయింగ్ అంటే ఏంటి?

పిల్లలు కొట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు. అదంతా బుల్లీయింగ్ కాదు. ఈ విషయంపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన నార్వే సైకాలజిస్ట్ డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, కావాలని చేయడం. రెండు, పదే పదే చేయడం. మూడు, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం. ఆ బలం ఒంట్లోదే కానక్కర్లేదు. వయసు, డబ్బు, మార్కులు, కులం, వెనకున్న గుంపు.. ఏదైనా కావచ్చు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే విషయం కూడా కాదు. 2019లో యునెస్కో విడుదల చేసిన నివేదిక ప్రకారం.. ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకు ముందు నెలలో కనీసం ఒక్కసారైనా బడిలో తోటివాళ్ల చేతిలో బుల్లీయింగ్‌కు గురయ్యారు. అందుకే 2020 నుంచి ఏటా నవంబర్ మొదటి గురువారాన్ని బడుల్లో హింస, బుల్లీయింగ్‌కు వ్యతిరేక దినంగా పాటిస్తున్నారు.

మన దగ్గర దీనికి ఉన్న పెద్ద చిక్కు ఏంటంటే.. చాలామంది దీన్ని తప్పుగానే చూడరు. "పొట్టోడు", "బండోడు", "సోడాబుడ్డి".. ఇవన్నీ మనకు సరదా పేర్లే. పిల్లాడు ఇంటికొచ్చి చెబితే "లైట్ తీస్కోరా", "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అంటాం. కాలేజీలో ర్యాగింగ్‌పై చట్టం ఉందని అందరికీ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. కానీ నాలుగో తరగతి పిల్లాడికి పెట్టిన మారుపేరు మాత్రం ఎవరికీ పట్టదు.

ఈ పేర్లు పెట్టేది పిల్లలు మాత్రమే కాదు. 2024లో వచ్చిన '35 - చిన్న కథ కాదు' సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లెక్కల్లో వెనకబడిన అబ్బాయిని సాక్షాత్తు మాస్టారే 'జీరో' అని పిలుస్తాడు. అందులో దెబ్బ లేదు, రక్తం లేదు. ఒక్క మాట చాలు. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు అక్కడే ఒక పాఠం నేర్చుకోవచ్చు. బుల్లీయింగ్ చూపించాలంటే పెద్ద గొడవ అక్కర్లేదు.

ఆస్కార్ వచ్చింది.. కానీ ఆ పిల్లాడు మర్చిపోలేదు

పిల్లల చేత ఏడుపు సీన్ చేయించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి హాలీవుడ్‌లో ఒక పాత ఉదాహరణ ఉంది. 1931లో 'స్కిప్పీ' అనే సినిమా వచ్చింది. అందులో హీరో జాకీ కూపర్ అనే చిన్న పిల్లాడు. డైరెక్టర్ నార్మన్ టారోగ్.. వరుసకు ఆ పిల్లాడి బంధువే. ఏడుపు సీన్‌లో పిల్లాడికి కన్నీళ్లు రావడం లేదు. అప్పుడు ఏం చేశారో తెలుసా? "నీ కుక్కను కాల్చేస్తాం" అని బెదిరించారు. పిల్లాడు నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. షాట్ ఓకే అయిపోయింది.

ఆ సినిమాకు టారోగ్‌కు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది. ఆ పిల్లాడికి ఉత్తమ నటుడి నామినేషన్ కూడా దక్కింది. కానీ యాభై ఏళ్ల తర్వాత, 1981లో, జాకీ కూపర్ తన ఆత్మకథ రాసినప్పుడు దానికి పెట్టిన పేరు ఏంటంటే.. 'ప్లీజ్ డోంట్ షూట్ మై డాగ్'. అంటే, దయచేసి నా కుక్కను కాల్చొద్దు అని.

ఓల్వియస్ చెప్పిన మూడు గుర్తులను సెట్‌కు పెట్టి చూడండి. డైరెక్టర్ పెద్దవాడు, పిల్లాడు చిన్నవాడు.. బలంలో తేడా ఉంది. కావాలనే ఏడిపిస్తున్నారు. టేక్ ఓకే అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేస్తున్నారు. మూడూ ఉన్నాయి! చుట్టూ పది మంది క్రూ నిలబడి చూస్తున్నారు కూడా. కథలో ఏది తప్పని చెబుతున్నామో, సెట్‌లో అదే జరుగుతోంది.

"మేం అలా బెదిరించం అన్నా" అనొచ్చు మీరు. కానీ "ఇంత చిన్న డైలాగ్ కూడా రాదా?" అని పది మంది ముందు అనడం, "వాడు చూడు ఎంత బాగా చేస్తున్నాడో" అని పక్కవాడితో పోల్చడం, "ఇంట్లో మీ నాన్న తిట్టింది గుర్తు తెచ్చుకో" అని పాత గాయాన్ని కెలకడం.. ఇవన్నీ చిన్న సైజు 'స్కిప్పీ'లే.

కథ ఎవరి వైపు నుంచి చెప్పాలి?

చాలా షార్ట్ ఫిల్మ్స్‌లో కెమెరా బాధపడే పిల్లాడి ముఖం మీదే ఉంటుంది. దానివల్ల రెండు నష్టాలు. ఆ పిల్లాడి మీద ఒత్తిడి మొత్తం పడుతుంది. చూసేవాడికి "అయ్యో పాపం" తప్ప తాను ఏం చేయాలో తెలియదు.

దీనికి మంచి దారి ఉంది. కథను పక్కన నిలబడి చూసే పిల్లల వైపు నుంచి చెప్పడం. ఎందుకంటే అసలు తాళం చెవి వాళ్ల చేతిలోనే ఉంది. 2001లో ప్రచురితమైన ఒక కెనడా పరిశోధనలో, టొరంటో బడుల ఆటస్థలాల్లో ఒకటి నుంచి ఆరో తరగతి పిల్లలను వీడియో తీసి గమనించారు. బుల్లీయింగ్ జరిగిన సందర్భాల్లో 88 శాతం వాటిలో తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. కానీ అడ్డుకున్నది 19 శాతం సందర్భాల్లోనే. అసలు విషయం ఇప్పుడు చూడండి. అలా ఎవరో ఒకరు అడ్డుపడినప్పుడు, 57 శాతం సార్లు పది సెకన్ల లోపే గొడవ ఆగిపోయింది.

పది సెకన్లు! ఒక షార్ట్ ఫిల్మ్‌కు ఇంతకంటే మంచి క్లైమాక్స్ ఏం కావాలి? హీరో వచ్చి బుల్లీని చితక్కొట్టక్కర్లేదు. కిరాణా షాపు ముందు నిలబడి ఇంతసేపూ చూస్తున్న అమ్మాయి వచ్చి "వాడి సంచి వాడికియ్యిరా" అంటే చాలు. చూసే ప్రతి పిల్లాడూ ఆ పని చేయగలడు.

ముగింపు విషయంలో ఇంకో జాగ్రత్త. బాధపడిన పిల్లాడు ప్రాణం తీసుకున్నట్టు చూపిస్తే ఎఫెక్ట్ ఎక్కువగా ఉంటుందని కొందరు అనుకుంటారు. అది చాలా ప్రమాదం. ఆత్మహత్యను సమస్యకు పరిష్కారంలా చూపించకూడదనీ, సాయం అడిగి బయటపడిన కథలు చూపించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా వాళ్ల కోసమే ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది.

పిల్లలను ఎంచుకునేటప్పుడు..

బొద్దుగా ఉన్న పిల్లాడిని తీసుకొచ్చి 'బండోడు' పాత్ర ఇవ్వడం.. నత్తి ఉన్న పిల్లాడికి నత్తి పాత్ర ఇవ్వడం.. "న్యాచురల్‌గా ఉంటుంది" అని చేసే పెద్ద తప్పు ఇదే. పాత్ర పేరు షూటింగ్‌తో పోదు. యూట్యూబ్‌లో లింక్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

అందుకని పాత్రను ఏడిపించే కారణం.. తీసి పక్కన పెట్టగలిగేదై ఉండాలి. ఒక ఉదాహరణ అనుకుందాం. అందరూ స్కూల్ బ్యాగులతో వస్తుంటే, ఒక పిల్లాడు వాళ్లమ్మ పాత చీరతో కుట్టిన గుడ్డ సంచితో వస్తాడు. అందరూ వాడిని 'సంచిగాడు' అంటారు. షూటింగ్ అయ్యాక ఆ సంచి ప్రాపర్టీ బాక్స్‌లోకి వెళ్లిపోతుంది. దాంతో పాటే ఆ పేరు కూడా. అది నటించిన పిల్లాడి ఒంటిదీ కాదు, రంగుదీ కాదు, ఊరిదీ కాదు.

కాస్టింగ్‌లో ఇంకొన్ని విషయాలు గుర్తుపెట్టుకోండి.

- పాత్రకు పిల్లాడి అసలు పేరు పెట్టొద్దు. సెట్‌లో కట్ చెప్పగానే అసలు పేరుతోనే పిలవాలి.
- బుల్లీయింగ్ పాలైన పిల్లాడిని "అనుభవం ఉంది కదా" అని ఆ పాత్రకు తీసుకోవద్దు. తల్లిదండ్రులను విడిగా, మర్యాదగా అడిగి తెలుసుకోండి.
- ఒకే క్లాస్‌లో చదివే పిల్లలను బుల్లీగా, బాధితుడిగా పెట్టొద్దు. సోమవారం బడిలో ఆ సీన్ మళ్లీ మొదలవుతుంది.
- రిహార్సల్స్‌లో పాత్రలు మార్చి మార్చి చేయించండి. ఏడిపించేవాడు ఒకసారి ఏడవాలి. ఏడ్చేవాడు ఒకసారి ఏడిపించాలి. అప్పుడు ఇది ఆట అని వాళ్లకు అర్థమవుతుంది.
- నిజమైన బడి యూనిఫామ్, బ్యాడ్జ్, ఐడీ కార్డు కెమెరాలో పడకూడదు.

నిజంగా జరిగిన కేసు ఆధారంగా తీస్తుంటే మరింత జాగ్రత్త. నేరానికి గురైన, లేదా నేరానికి సాక్షి అయిన పిల్లల పేరు, ఫొటో, బడి, అడ్రస్ లాంటి గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నిషేధం. కానీ సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో నటించడానికి మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపుకు షరతులున్నాయి. బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ జరిగింది. 2017లో వచ్చిన నిబంధనల్లో బాల నటుల గురించి స్పష్టంగా రాశారు.

- రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు.
- షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. పిల్లల జాబితా, తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం, భద్రతకు బాధ్యత తీసుకునే వ్యక్తి పేరు ఇవ్వాలి.
- ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడైన పెద్ద మనిషి ఉండాలి.
- వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. చదువు ఆగకూడదు.
- పిల్లాడి సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.
- ఇష్టం లేకుండా ఏ పిల్లాడి చేతా చేయించకూడదు.
- షూటింగ్‌లో పిల్లలపై వేధింపులు, నిర్లక్ష్యం, దోపిడీ జరగకుండా అన్ని చర్యలూ తీసుకున్నామని సినిమాలో ప్రకటన వేయాలి.

"మాది కాలేజీ ప్రాజెక్ట్, డబ్బులు ఇవ్వడం లేదు, మాకెందుకు ఇవన్నీ?" అనుకోవద్దు. ముందే జిల్లా కార్మిక శాఖ అధికారులను, మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. తార్నాక హైదరాబాద్ జిల్లాలో ఉంది. ఉప్పల్ వైపు కొంచెం ముందుకు వెళ్తే జిల్లా మారిపోతుంది. కాబట్టి లొకేషన్ ఏ జిల్లాలోకి వస్తుందో చూసుకోవాలి. అనుమతి మాట ఎలా ఉన్నా, ఐదు గంటల రూల్ మాత్రం మీ షెడ్యూల్‌లో ఉండాల్సిందే.

జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022లో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. పిల్లలకు మనస్తాపం కలిగించే పాత్రలు ఇవ్వకూడదనీ, వాళ్లను ఎగతాళి, అవమానం, కఠినమైన మాటలకు గురిచేయకూడదనీ అందులో ఉంది. బుల్లీయింగ్ మీద సినిమా తీసేవాళ్లు ఈ ఒక్క లైన్ ప్రింట్ తీసి స్క్రిప్ట్ మొదటి పేజీకి అంటించుకోవాలి.

తార్నాకలో, క్యాంపస్‌లో తీస్తుంటే..

1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ, దాని పక్కనే 1958లో మొదలైన ఇఫ్లూ.. రెండూ చూడ్డానికి ఓపెన్‌గా కనిపించినా, కెమెరా పెట్టాలంటే అధికారుల లిఖితపూర్వక అనుమతి తీసుకోవడం అవసరం. మీరు అక్కడి స్టూడెంట్స్ అయినా సరే, డిపార్ట్‌మెంట్ ద్వారా లెటర్ పెట్టించుకోండి. రోడ్డు మీద, గల్లీలో తీస్తుంటే లోకల్ పోలీసులకు ముందే చెప్పండి. పిల్లాడి సంచి లాక్కునే సీన్ చూసి నిజమనుకుని ఎవరైనా 100కో 112కో ఫోన్ చేస్తే.. ఆ గందరగోళంలో ముందు బెదిరిపోయేది పిల్లలే.

సౌండ్ ఇంకో తలనొప్పి. తార్నాక జంక్షన్ మీద మెట్రో నడుస్తుంది, కింద బస్సుల హారన్లు. క్యాంపస్ వైపు వెళ్తే ఆర్ట్స్ కాలేజీ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర రైళ్ల చప్పుడు. సౌండ్ పాడైందని అదే ఏడుపు సీన్ ఆరుసార్లు చేయిస్తే పిల్లాడి పరిస్థితి ఏంటి? అందుకే బరువైన సీన్లు రోడ్డుకు దూరంగా, ఇంటి లోపల ప్లాన్ చేసుకోండి. గల్లీ షాట్లు డైలాగ్ లేకుండా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవచ్చు.

టైమ్ కూడా ముఖ్యమే. మన దగ్గర వేసవి సెలవులు దొరుకుతాయి కానీ మే ఎండలో పిల్లలను రోడ్డు మీద నిలబెట్టలేం. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు మేలు. ఓయూ క్యాంపస్‌లో పొద్దున్నే వాకర్స్ ఎక్కువగా ఉంటారు కాబట్టి చూసేవాళ్లు గుమిగూడని మూల వెతుక్కోవాలి. అవమానం సీన్‌ను నలుగురూ చుట్టూ నిలబడి ఫోన్లలో తీస్తుంటే అది పిల్లాడికి నిజమైన అవమానమే.

ఏడిపించకుండా ఏడుపు సీన్ ఎలా?

ఇక్కడే సినిమా అనే మాధ్యమం మనకు సాయం చేస్తుంది. రష్యన్ దర్శకుడు కులెషోవ్ వందేళ్ల క్రితమే ఒక విషయం చూపించారు. ఏ భావమూ లేని ముఖం పక్కన వేరే షాట్ పెడితే, ప్రేక్షకుడే ఆ ముఖంలో దుఃఖాన్నో ఆకలినో చూసుకుంటాడు. అంటే ఏడుపు నటుడి కళ్లలోనే ఉండక్కర్లేదు. ఎడిటింగ్‌లో పుడుతుంది.

మన 'సంచిగాడు' సీన్‌నే తీసుకుందాం. ముగ్గురు పిల్లలు గల్లీలో సంచిని ఒకరి మీద ఒకరు విసురుకుంటూ వాడిని పరిగెత్తిస్తారు. దీన్ని ఇలా విడగొట్టొచ్చు.

1. గాల్లో ఎగిరే సంచి మాత్రమే. ముఖాలు లేవు.
2. ముగ్గురు పిల్లలు నవ్వుతున్న క్లోజప్. ఎదురుగా బాధితుడి పాత్ర చేసే పిల్లాడు ఉండడు. అసిస్టెంట్ డైరెక్టర్ జోక్ చెబితే నిజంగా నవ్వుతారు.
3. కింద పడిన పుస్తకాలు ఏరుకునే చేతులు.
4. పిల్లాడి వీపు వైపు నుంచి వైడ్ షాట్. భుజాలు కొంచెం వంగితే చాలు.
5. కిరాణా షాపు దగ్గర నిలబడి చూస్తున్న అమ్మాయి కళ్లు.
6. పిల్లాడి ముఖం, ఐదు సెకన్లు. "ఏడువు" అని చెప్పొద్దు. "ఆ గోడ మీద ఇటుకలు మనసులో లెక్కపెట్టు" అని చెప్పండి.

ఈ ఆరు షాట్ల మీద విడిగా రికార్డ్ చేసిన నవ్వుల శబ్దం వేసి చూడండి. ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు. కానీ చూసేవాడి గుండె బరువెక్కుతుంది. 'సంచిగాడు' అనే మాటను కూడా సెట్‌లో పిల్లాడి ముఖం మీద అనక్కర్లేదు. డబ్బింగ్‌లో వేసుకోవచ్చు. చెంపదెబ్బ ఉంటే శబ్దం చాలు. చేయి తగలనే కూడదు. కన్నీళ్ల కోసం పిల్లల కళ్లకు గ్లిజరిన్, ఉల్లిపాయ లాంటివి వాడొద్దు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంటే ఏడ్చినట్టే.

సెట్‌లో ఒక 'ఆపు' సైగ కూడా పెట్టుకోండి. పిల్లాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుంటే కెమెరా ఆగిపోవాలి. కారణం అడగకూడదు, విసుక్కోకూడదు. షూటింగ్ మొదలయ్యే ముందు ఒకసారి ఊరికే వాడమనండి. నిజంగా ఆగుతుందని పిల్లలకు నమ్మకం కుదురుతుంది. డైరెక్టర్ "అన్నా", "అక్కా" అని పిలిపించుకునే చనువు ఉన్నప్పుడు పిల్లలు "వద్దు" అనలేరు. "అన్న ఏమనుకుంటాడో" అని ఊరుకుంటారు. అందుకే నోటితో చెప్పక్కర్లేని సైగ కావాలి.

ఒక రోజు షెడ్యూల్ ఇలా ఉంటే..

ఉదయం 7 గంటలకు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. ముందు ఇడ్లీ, పాలు. 7:30కి తేలికైన షాట్లతో మొదలు.. నడవడం, సైకిల్ తొక్కడం లాంటివి. 8:30 నుంచి 9:30 వరకు బరువైన సీన్. కరెక్ట్‌గా ఆ వెంటనే 45 నిమిషాల బ్రేక్. 10:15 నుంచి 12 వరకు మిగతా షాట్లు. రోజులో ఆఖరి షాట్ ఎప్పుడూ పిల్లలంతా కలిసి ఆడుకునేదై ఉండాలి. కథలో అది లేకపోయినా తీయండి! ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లకు గుర్తుండేది అదే.

మొత్తం పని నాలుగు గంటలు కూడా దాటలేదు. అనుభవం లేని టీమ్‌కు ఇది కష్టంగానే ఉంటుంది. కాబట్టి లైటింగ్, ఫ్రేమింగ్ అన్నీ ముందు రోజే క్రూలో ఒకరిని పిల్లాడి స్థానంలో కూర్చోబెట్టి చూసుకోవాలి.

ఇంకో చిన్న పని. ప్యాకప్‌కు ముందు పాత్ర నుంచి బయటికి తీసుకురావడం. కాస్ట్యూమ్ మార్చేయాలి. అందరూ గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరు తమ అసలు పేరు చెప్పి, "నేను సంచిగాడిని కాదు", "నేను రౌడీని కాదు" అనాలి. నవ్వులాటలా ఉంటుంది. కానీ పని చేస్తుంది.

బుల్లీ పాత్ర చేసిన పిల్లాడి సంగతేంటి?

అందరూ మర్చిపోయేది వీడినే. బాగా నటిస్తే వాడికొచ్చే బహుమతి తిట్లు! కాలనీలో ఆంటీలు "వీడేనా ఆ పిల్లాడిని ఏడిపించింది?" అంటారు. కింద కామెంట్లలో ముక్కూ ముఖం తెలియనివాళ్లు పదకొండేళ్ల పిల్లాడిని బూతులు తిడతారు. అందుకే సినిమా చివర్లో, పేర్లు పడేటప్పుడు ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్న షూటింగ్ క్లిప్ పెట్టండి. పది సెకన్ల ఆ క్లిప్ ఇద్దరు పిల్లలనూ కాపాడుతుంది.

అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు..

మొదటి షో పిల్లలకు, తల్లిదండ్రులకే వేయండి. ఏదైనా షాట్ తీసేయమని పిల్లాడు అడిగితే తీసేయాలి. ఈ మాట అంగీకార పత్రంలో ముందే తెలుగులో రాసివ్వండి. ఇంగ్లిష్‌లో మూడు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది అంగీకారం కాదు.

తంబ్‌నెయిల్ మీద ఏడుస్తున్న పిల్లాడి ముఖం వద్దు. క్లిక్స్ ఎక్కువ రావొచ్చు. కానీ ఆ ఒక్క ఫొటోనే రేపు వాట్సాప్ గ్రూపుల్లో మీమ్, స్టిక్కర్ అవుతుంది. సినిమా మెసేజ్ అందులో ఉండదు.. ముఖమే ఉంటుంది. టైటిల్‌లో మారుపేరు కూడా పెట్టకపోవడం మేలు. 'సంచిగాడు' కంటే 'సంచి' మంచి టైటిల్. పిల్లల ఊరు, బడి, తరగతి వివరాలు డిస్క్రిప్షన్‌లో రాయొద్దు.

కామెంట్స్ ఆఫ్ చేయండి. 2019లో యూట్యూబ్ సంస్థే మైనర్లు కనిపించే కోట్లాది వీడియోలకు కామెంట్స్ నిలిపేసింది. 2020 నుంచి 'పిల్లల కోసం' అని మార్క్ చేసిన వీడియోలకు కామెంట్స్ రావు. అదంత పెద్ద సంస్థకే భయం ఉన్నప్పుడు మనకు ఉండొద్దా?

చివరి ఫ్రేమ్‌లో మెసేజ్‌తో పాటు సాయం అడిగే నంబర్లు వేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మానసిక ఇబ్బందులకు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416. అత్యవసరమైతే 112. బడిలో టీచర్ల చేతిలోనే శారీరక శిక్ష, మానసిక వేధింపులు ఉంటే విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 వాటిని నిషేధించిందని కూడా చెప్పండి. ఈ సినిమా చూస్తున్న ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక పిల్లాడికి ఆ నంబర్ మీ కథ కంటే ఎక్కువ అవసరం కావొచ్చు.

ఒక్క మాటలో చెప్పాలంటే..

సినిమా బాగా వచ్చిందా లేదా అని చూడ్డానికి వ్యూస్, అవార్డులు చాలా ఉన్నాయి. బుల్లీయింగ్ మీద తీసిన సినిమాకు మాత్రం ఇంకో పరీక్ష ఉంది. ఆరు నెలల తర్వాత తార్నాక గల్లీలో ఆ పిల్లాడు ఎదురుపడ్డప్పుడు ఏం చేస్తాడు? తల దించుకుని పక్క నుంచి వెళ్లిపోతాడా.. లేక "అన్నా, మళ్లీ ఎప్పుడు తీద్దాం?" అని పరిగెత్తుకొస్తాడా? రెండోది జరిగితే, మీ సినిమా పాసైనట్టే.